మియాటా డ్రైవర్ సీటు కుషన్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

"తలుపు వైపు సీటు అంచు చితికిపోయింది. కూర్చుంటే ఎడమకి ఒరిగిపోతున్నాను. కవర్ మార్చాలా, కుషన్ మార్చాలా?" పాత మజ్డా ఎంఎక్స్-5 మియాటా కొన్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ముఖ్యంగా అమెరికాలో ఉంటూ, ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక ఎప్పటి నుంచో ఉన్న సరదా తీర్చుకోవడానికి ఓ పాత టూ సీటర్ కొనుక్కున్న మనవాళ్లు అడుగుతుంటారు. అందుకే మొత్తం పని మొదటి నుంచి చివరిదాకా ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మొదటి రెండు తరాల కార్ల గురించి. 1989లో అమ్మకానికి వచ్చి 1997 వరకు నడిచినది ఎన్ఏ. దాని తర్వాత 2005 వరకు వచ్చినది ఎన్‌బీ. మన దేశంలో మజ్డా ఈ కారును అధికారికంగా అమ్మలేదు కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఉన్నవాళ్ల దగ్గర వేరే కారు ఉండవచ్చు. బోల్టుల సైజు, వైర్లు మారతాయి తప్ప ఫోమ్ ఎంచుకోవడం, కోయడం, కవర్ తొడగడం ఏ కారుకైనా ఇంతే.

పనిలో దిగే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇలాంటి కారులో కుషన్ పని మెత్తగా ఉండటం ఒక్కటే కాదు. మీ తల ఎక్కడ ఉండాలో, కళ్లు అద్దంలో ఏ ఎత్తు నుంచి చూడాలో, మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య ఎంత జాగా ఉండాలో కుషనే నిర్ణయిస్తుంది. మియాటా లోపల జాగా చాలా తక్కువ. ఒక్క అంగుళం పైకి లేచినా పొడవైన మనిషికి తల టాప్‌కి, అంటే మడిచి దించేసే పైకప్పుకి, తగులుతుంది, ముందు అద్దం పై ఫ్రేము సరిగ్గా చూపుకి అడ్డం వస్తుంది. అమెరికాలో పొడవైన డ్రైవర్లు కావాలనే ఫోమ్ కోసేసి సీటు దించుకుంటారు. ఆ పనికి ఫోమెక్టమీ అని పేరు కూడా ఉంది. కాబట్టి మన లక్ష్యం మెత్తటి సీటు కాదు, కారు కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఎత్తులో కూర్చోబెట్టిందో అంతే ఎత్తులో కూర్చోబెట్టే సీటు.

ఎవరు ఈ పని చేయకూడదు?

మీ సీటు వీపు భాగం పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉన్నా, సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉన్నా అందులో సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉండే అవకాశం ఎక్కువ. 2005లో వచ్చిన మూడో తరం, అంటే ఎన్‌సీ నుంచి ఇది మామూలే. అలాంటి సీటుకి కింది కుషన్ మాత్రమే మార్చుకోవచ్చు. వీపు భాగం కవర్ జోలికి మాత్రం వెళ్లకండి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట కుట్టు ప్రత్యేకంగా ఉంటుంది, దాన్ని కదిలించడం ప్రమాదం.

కొత్త కార్లలో ప్యాసింజర్ సీటు కుషన్ అడుగున మనిషి బరువు గుర్తించే సెన్సర్ ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలో వద్దో కారు దాన్ని బట్టే తేల్చుకుంటుంది. ఫోమ్ మందం, గట్టిదనం మారితే ఆ లెక్క తప్పుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు, వదిలేయండి.

ముందు రోగం తెలుసుకోండి

కవర్ బాగుండి సీటు మాత్రం కుంగితే ఫోమ్ అని అనుకుంటాం. చాలాసార్లు అది నిజమే, కానీ అన్నిసార్లూ కాదు. సీటు కింద టార్చ్ వేసి చూడండి. పసుపు, గోధుమ రంగు పొడి రాలి ఉంటే ఫోమ్ విరిగిపోతోందని అర్థం. పాలీయురిథేన్ ఫోమ్ ఏళ్ల తరబడి ఎండ వేడికి, తేమకి ఇలాగే పొడిపొడి అవుతుంది. టాప్ తీసి నడిపే కారు కాబట్టి మియాటా సీటు రెండింటినీ మామూలు కారు సీటు కంటే ఎక్కువే భరిస్తుంది.

ఇప్పుడు అరచేయి పెట్టి సీటు మధ్యలో గట్టిగా నొక్కండి. ఒక పక్క ఏ ఆధారమూ లేకుండా దిగిపోతే అడుగున స్ప్రింగో, దాని కొక్కెమో ఊడి ఉండవచ్చు. అప్పుడు కొత్త ఫోమ్ వేసినా కొద్ది నెలల్లో మళ్లీ కుంగుతుంది. తలుపు వైపు అంచు ఒక్కటే చితికి, మధ్య భాగం గట్టిగా ఉంటే మొత్తం మార్చాల్సిన పని లేదు. ఆ అంచు ముక్క వరకు కోసి కొత్తది అతికిస్తే చాలు. దిగేటప్పుడు శరీరం బరువంతా ఆ అంచు మీద జారుతుంది కనుక డ్రైవర్ సీట్లో మొదట పోయేది అదే.

కావలసినవి

విప్పడానికి: 14 మి.మీ. సాకెట్, ఎక్స్‌టెన్షన్, పొడవాటి పిడి ఉన్న రాట్చెట్, బ్యాటరీకి 10 మి.మీ. స్పానర్, తుప్పు వదిలించే స్ప్రే, స్క్రూడ్రైవర్లు, వైర్లు కత్తిరించే కటింగ్ ప్లయర్.

ఫోమ్ పనికి: మాంసం, బ్రెడ్ కోసే ఎలక్ట్రిక్ కత్తి. అది లేకపోతే పళ్లున్న పొడవాటి బ్రెడ్ కత్తి. మార్కర్, అట్టముక్కలు, ఫోమ్‌కి వాడే స్ప్రే గమ్. ఇండియాలో అయితే ఫెవికాల్ ఎస్ఆర్ రకం రబ్బరు గమ్ బ్రష్‌తో రాసుకోవచ్చు. తెల్ల ఫెవికాల్ దీనికి పనికిరాదు.

కవర్ తొడగడానికి: హాగ్ రింగులు (కవర్ని కుషన్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు రింగులు), వాటిని నొక్కే ప్లయర్, అర అంగుళం మందం పాలియెస్టర్ దూది పొర, గట్టి గోనె గుడ్డ లేదా ఫెల్ట్, హెయిర్ డ్రైయర్. హాగ్ రింగులు దొరక్కపోతే సన్నటి జిప్ టైలు వాడండి. చూడటానికి వేరుగా ఉన్నా బాగానే పట్టుకుంటాయి. తోక మాత్రం మొదలంటా కత్తిరించాలి, లేకపోతే కవర్ మీంచి గుచ్చుతుంది.

ఇవి కాక గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్క్. పాత ఫోమ్ పొడి గొంతులోకి పోతుంది, తెగిన హాగ్ రింగు ఎగిరి కంట్లో పడుతుంది. వీటిని పక్కన పెట్టి పని మొదలుపెట్టకండి.

ఏ ఫోమ్ కొనాలి?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

అన్నిటికంటే మంచిది మీ తరం కారుకి అచ్చులో పోసి తయారుచేసిన కుషన్. దొరికితే అదే తీసుకోండి, కోసే పనంతా తప్పుతుంది. రెండో దారి, జంక్‌యార్డ్‌లో అదే మోడల్ కారు నుంచి ప్యాసింజర్ సీటు ఫోమ్. దాని మీద ఎప్పుడో గాని ఎవరూ కూర్చోరు కాబట్టి తక్కువ అరిగి ఉంటుంది. కాకపోతే ఆకారం అచ్చంగా కలుస్తుందో లేదో పాతదాని పక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి, చేతికి పొడి అంటకూడదు.

ఈ రెండూ కుదరకపోతే దిమ్మ ఫోమ్ కొని కోసుకోవాలి. షాపులో రెండు అంకెలు చెబుతారు. ఒకటి డెన్సిటీ, అంటే ఇంత పరిమాణంలో ఎంత బరువు పదార్థం ఉందో. అమెరికాలో దాన్ని ఘనపు అడుగుకి ఇన్ని పౌండ్లని, మన దగ్గర ఘనపు మీటరుకి ఇన్ని కిలోలని చెబుతారు. ఘనపు అడుగుకి ఒక పౌండు అంటే ఘనపు మీటరుకి దాదాపు 16 కిలోలు. కాబట్టి అక్కడి 2.5 మన 40 డెన్సిటీ. రెండో అంకె ఐఎల్‌డీ. నాలుగు అంగుళాల మందం ఫోమ్‌ని పావు వంతు నొక్కడానికి ఎన్ని పౌండ్ల బలం కావాలో చెప్పేది ఇది.

డెన్సిటీ ఎక్కువైతే ఫోమ్ గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. డెన్సిటీ చెప్పేది అది ఎన్నాళ్లు మన్నుతుందనే. గట్టిదనం చెప్పేది ఐఎల్‌డీ. ఎక్కువ డెన్సిటీ ఉండి మెత్తగా ఉండే ఫోమూ ఉంటుంది, తక్కువ డెన్సిటీలో రాయిలా ఉండేదీ ఉంటుంది. ఆ రెండోది షాపులో నొక్కి చూస్తే బాగుందనిపిస్తుంది, కొన్నాళ్లకే కుంగిపోతుంది.

కూర్చునే భాగానికి హెచ్‌ఆర్ (హై రెసిలియెన్స్, అంటే నొక్కి వదిలితే బాగా పైకి లేచే) రకం ఫోమ్, డెన్సిటీ 2.5 నుంచి 2.8, ఐఎల్‌డీ 50 నుంచి 60 మధ్య అడగండి. ఇండియాలో ఐఎల్‌డీ చెప్పే షాపులు తక్కువ. 40 లేదా 50 డెన్సిటీ హెచ్‌ఆర్ ఇమ్మని, సీటు మందంలో ఉన్న ముక్క మీద కూర్చుని చూసి తీసుకోండి. పక్క అంచులకి ఇంకాస్త గట్టిది, ఐఎల్‌డీ 70 దగ్గర ఉన్నది కావాలి. ఫోమ్ తుక్కు కలిపి ఒత్తి చేసే రీబాండ్ కూడా అంచులకి బాగా పనికొస్తుంది.

మెమరీ ఫోమ్ కొనకండి. మంచం మీద ఎంత బాగున్నా, చలిలో గట్టిపడుతుంది, ఎండలో జావగా మారుతుంది. టాప్ లేని కారులో ఈ రెండు వాతావరణాలూ ఒకే రోజు చూడాల్సి రావచ్చు. దిండు ఫోమ్, టీవీ పెట్టెల్లో వచ్చే తెల్ల ప్యాకింగ్ ఫోమ్ గురించి ఆలోచించనే వద్దు.

ఇంకో మాట. అమెరికాలో కారు లోపలి వస్తువులు మంటకి ఎంత వేగంగా కాలవచ్చో చెప్పే ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 302. దాని ప్రకారం నిమిషానికి 102 మి.మీ. కంటే వేగంగా మంట పాకకూడదు. ఫోమ్ దీనికి సరిపోతుందా అని అమ్మేవాళ్లని అడగండి. సోఫాల కోసం అమ్మే చవక ఫోమ్‌కి ఈ హామీ ఉండకపోవచ్చు.

ఇక పని మొదలుపెడదాం

1. ముందు కొలవండి. టాప్ వేసి, మీరు మామూలుగా నడిపేటట్టు కూర్చోండి. తలకీ టాప్‌కీ మధ్య ఎంత జాగా ఉందో ఇంకొకరితో కొలిపించండి. తర్వాత దిగి, సీటు ముందు అంచు, మధ్య, వెనక మూల, ఈ మూడు చోట్లా కింది ఇనుప ఫ్రేము నుంచి ఎంత ఎత్తు ఉందో రాసుకోండి. డ్రైవర్ సీటు కుంగింది కాబట్టి దాని అంకెలు నమ్మలేం. అవే కొలతలు ప్యాసింజర్ సీటుకి కూడా తీసుకోండి. కొత్త కుషన్‌కి అదే ప్రమాణం.

2. టాప్ దించేయండి. సీటు నేరుగా పైకి ఎత్తుకోవచ్చు, మామూలు కారులో ఈ సుఖం లేదు. బ్యాటరీ నెగెటివ్ కేబుల్ తీసేయండి. ఈ కార్లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటైతే కేబుల్ తీశాక కనీసం కొన్ని నిమిషాలు ఆగండి. ఎంతసేపో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, అది పాటించండి.

3. సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు రెండు బోల్టులు, పూర్తిగా ముందుకి జరిపి వెనక రెండు బోల్టులు విప్పండి. ప్లాస్టిక్ మూతలుంటే స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపాలి. బోల్టు కదలకపోతే తుప్పు స్ప్రే కొట్టి అరగంట ఆగి, పొడవాటి పిడితో ప్రయత్నించండి. వర్షం నీళ్లు కార్పెట్ కింద చేరే కారు కాబట్టి తుప్పు సాధారణమే. ఇంపాక్ట్ గన్ మాత్రం వద్దు, మర పోతే సీటు బిగించే చోటే పాడవుతుంది. ముందువి, వెనకవి వేర్వేరు డబ్బాల్లో వేయండి.

4. ఎత్తే ముందు సీటును వెనక్కి వాల్చి కిందికి చూడండి. బెల్ట్ బకుల్ దగ్గర వైర్ ఉండవచ్చు. చాలా ఎన్ఏ కార్లలో తల ఆనించే చోట స్పీకర్లు ఉంటాయి, వాటి వైర్ కూడా సీటు కింద నుంచే వస్తుంది. క్లిప్ నొక్కి కనెక్టర్ పట్టుకుని తీయాలి, వైర్ పట్టుకుని లాగకూడదు.

5. గుమ్మం మీద పాత దుప్పటి వేసి సీటు ఎత్తండి. పట్టాల అంచులు పదునుగా ఉంటాయి, పెయింట్ గీసుకుపోతుంది. రెండు వైపుల పట్టాలు ఏ రంధ్రం దగ్గర ఆగి ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. సీటు బయట ఉన్నప్పుడు లివర్ అనుకోకుండా నొక్కితే ఒక పట్టా ముందుకి జారుతుంది, బిగించేటప్పుడు రంధ్రాలు కలవవు.

6. కింది కుషన్ ఫ్రేమును వీపు భాగం నుంచి విడదీయండి. పక్క ప్లాస్టిక్ మూతలు తీస్తే బోల్టులు కనిపిస్తాయి. ఇక్కడ జాగ్రత్త, వీపు వంచే మెకానిజంలో బలమైన స్ప్రింగ్ బిగిసి ఉంటుంది. దాన్ని విప్పకుండానే చాలావరకు పని అవుతుంది. తప్పనిసరైతే వీపు పూర్తిగా ముందుకి వంచి, స్ప్రింగ్ వదులయ్యాకే చేయి పెట్టండి.

7. కుషన్‌ని బోర్లా తిప్పి ఫోటోలు తీయండి. ఒక్కో రింగు ఎక్కడుందో, కవర్ చివర ఏ తీగకి తగిలించి ఉందో కనిపించేంత దగ్గరగా తీయాలి. తర్వాత రింగులు ఒక్కొక్కటీ కటింగ్ ప్లయర్‌తో కత్తిరించండి. కవర్ని బలంగా లాగకండి. కవర్ లోపల సన్నటి గొట్టంలా కుట్టిన బట్టలో ఒక తీగ ఉంటుంది, రింగులు దాన్నే పట్టుకుంటాయి. ఆ బట్ట చిరిగితే తొడిగేటప్పుడు కవర్ని బిగించడానికి ఆధారం ఉండదు. తీగలు బయటికి వస్తే ఏది ఏ గాడిలోదో పేరు రాసి ఉంచండి.

పాత ఫోమ్ ఎంత చివికిపోయినా పారేయకండి. కొత్తది కోయడానికి నమూనా అదే.

8. ఫ్రేము పరీక్షించండి. పైపైన తుప్పు ఉంటే బ్రష్‌తో గీకి పెయింట్ వేయండి. స్ప్రింగ్ కొక్కెం ఊడితే మళ్లీ తగిలించండి, విరిగితే మార్చండి. ఫ్రేము ఎక్కడైనా పగిలి ఉంటే పని ఆపేసి వేరే ఫ్రేము తెచ్చుకోండి. ప్రమాదంలో మిమ్మల్ని పట్టి ఉంచేది అదే, ఇంట్లో వెల్డింగ్ చేసి సరిపెట్టేది కాదు. తీగల కొసలకి గుడ్డ టేపు చుట్టి, స్ప్రింగుల మీద గోనె గుడ్డ పరిచి కట్టేయండి. ఈ ఒక్క పొర లేకపోతే కొత్త ఫోమ్‌ని స్ప్రింగులు అడుగు నుంచి కోస్తూనే ఉంటాయి. దీన్ని వదిలేసే వాళ్లని చాలామందిని చూశాను, దయచేసి మీరు వదలకండి.

9. ఫోమ్ కోయండి. పాత ఫోమ్‌ని అట్ట మీద పెట్టి పై నుంచి, పక్క నుంచి, ముందు నుంచి ఆకారం గీసుకోండి. చితికిన వైపు గీయకుండా, బాగున్న వైపు గీసి తిరగేయండి. అట్ట చుట్టూ పావు అంగుళం అదనంగా వదిలి కోయండి. కవర్ తొడిగాక ఫోమ్ కాస్త నొక్కుకుంటుంది, ఆ బిగువే ముడతలు పడకుండా చూస్తుంది.

ఒకే దిమ్మలో మొత్తం చెక్కాలని చూడకండి. మధ్య భాగం ఒక ముక్క, రెండు పక్క అంచులు రెండు ముక్కలు, తొడల కింద ముందు భాగం ఇంకో ముక్క. ఇలా చేస్తే ఒకటి చెడినా అది ఒక్కటే మళ్లీ కోసుకోవచ్చు. కత్తిని నిలువుగా పట్టుకుని, నొక్కకుండా, దాని పళ్లే కోసేలా వదలండి. నొక్కితే ఫోమ్ వంగి, కోత పైన సరిగ్గా, కింద లోపలికి వస్తుంది. కవర్ తీగలు కూర్చునే గాళ్లు కూడా పాతదాని లోతుకే కోయాలి. గాడి లోతు తక్కువైతే సీటు మధ్య గీత పైకి తేలి, కవర్ డోలులా బిగుసుకుంటుంది.

ముందు భాగం ఎత్తు తగ్గించొద్దు. కుషన్ ముందు వైపు కాస్త పైకి ఉండటానికి కారణం ఉంది. గట్టిగా ఢీకొట్టినప్పుడు శరీరం నడుము బెల్ట్ కింద నుంచి ముందుకి జారిపోకుండా తొడలని అదే ఆపుతుంది. సీటు దించుకోవాలనుకునే పొడవైన వాళ్లు కూడా వెనక భాగం తగ్గించాలి గాని ముందుది కోయకూడదు.

10. గమ్ రాసే ముందే కూర్చుని చూడండి. ముక్కలన్నీ ఫ్రేములో సర్ది, సీటును కారులో పెట్టి, నాలుగు బోల్టులూ చేత్తో తిప్పి, కదలని కారులో కూర్చోండి. తలకీ టాప్‌కీ మధ్య జాగా, మొదట రాసుకున్న అంకెలతో పోల్చండి. పాత కొలత కంటే అర అంగుళం దాకా పైకి లేస్తే కంగారు పడకండి. పాత సీటు కుంగిపోయింది, కొత్త ఫోమ్ ఇంకా అణగలేదు. అంతకు మించి లేస్తే అడుగు నుంచి పలుచగా ఒక పొర కోయండి. పై నుంచి కోస్తే ఆకారం చెడుతుంది. ఈ దశ కోసం సీటు మళ్లీ ఎక్కించి దించాలి, విసుగే. అయినా గమ్ ఆరాక, కవర్ తొడిగాక తెలిసే తప్పు కంటే ఇది నయం.

11. ఇప్పుడు అతికించండి. గాలి ఆడే చోట, దగ్గర్లో మంట, సిగరెట్ లేకుండా చేయాలి. రెండు ముఖాలకీ గమ్ కొట్టి, చేతికి అంటుకోకుండా జిగటగా అయ్యాక కలపండి. తడిగా ఉన్నప్పుడే కలిపితే ఫోమ్‌లోకి ఇంకి గట్టి గడ్డ కడుతుంది. కూర్చునే పై తలానికి అంగుళం దూరంలో గమ్ ఆపేయండి. గమ్ ఆరాక ఏర్పడే గట్టి గీత కవర్ మీంచి తొడకి తెలుస్తుంది. రాత్రంతా ఆరనివ్వండి.

12. కవర్ తొడగండి. ముందు ఫోమ్ మీద పాలియెస్టర్ దూది పొర పరిచి తేలిగ్గా అతికించండి. అంచులు మెత్తగా కనబడటానికి, కవర్ జారడానికి ఇదే ఉపాయం. మధ్య భాగంలో మాత్రం పలుచగా ఉండాలి, లేకపోతే మీ ఎత్తు లెక్క మారుతుంది. కవర్ని లోపలి వైపు పైకి తిప్పి, మొదట మధ్య గాళ్లలో తీగలు పెట్టి రింగులు బిగించండి. తర్వాత ముందు వైపు, ఆపై వెనక, చివరికి పక్కలు. పక్కలు ముందే బిగిస్తే మధ్య గాడికి కవర్ చాలదు. మొదట్లో రింగుల్ని సగమే నొక్కి, అంతా సరిగా వచ్చిందనుకున్నాక పూర్తిగా నొక్కండి.

లెదర్, రెక్సిన్ కవర్ చలిలో సాగదు. ఎండలో గంటసేపు పెట్టండి, లేదా హెయిర్ డ్రైయర్‌ని కదుపుతూ వేడి చేయండి. ఒకేచోట ఆపితే రెక్సిన్ మెరుపెక్కి ముడుచుకుంటుంది. కవర్ జారడం లేదని కొందరు ఫోమ్ మీద పలుచని ప్లాస్టిక్ సంచి వేసి తొడుగుతారు. అది మంచి ఉపాయమే, కానీ తొడిగాక సంచి లాగేయండి. టాప్ తీసే కారులో వాన చినుకులు పడక తప్పదు, ప్లాస్టిక్ ఉంటే తేమ లోపలే నిలిచి వాసన పడుతుంది.

13. కింది కుషన్ ఫ్రేమును వీపు భాగానికి మళ్లీ బిగించి, సీటు కారులో పెట్టండి. రెండు పట్టాలూ ఒకే రంధ్రం దగ్గర ఉన్నాయో చూసుకుని, కనెక్టర్లు పెట్టి, నాలుగు బోల్టులూ మొదట చేత్తోనే కొన్ని చుట్లు తిప్పండి. చేత్తో తిరగనిది సాకెట్‌తో బలవంతంగా తిప్పితే మర పోతుంది. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మీ తరం వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్న అంకెకి. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకో, అప్పుగానో తెచ్చుకోండి, సీటు బోల్టుల విషయంలో అంచనా పనికిరాదు. బ్యాటరీ కేబుల్ చివర్లో కలపండి.

బాగా కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

సీటును ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి, ప్రతి చోటా టక్కుమని లాక్ పడుతుందో వినండి. లాక్ పడ్డాక సీటు పట్టుకుని గట్టిగా ఊపండి, రెండు వైపులా కదలకూడదు. ఒక వైపే లాక్ పడితే నడపకండి, బోల్టులు వదులు చేసి పట్టాలు మళ్లీ సరిచేయండి.

బెల్ట్ పెట్టుకుని చూడండి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద ఉండాలి, పొట్ట మీదకి రాకూడదు. పొట్ట మీదకి వస్తే కుషన్ వెనక భాగం బాగా కిందికో, ముందు భాగం చాలని ఎత్తులోనో ఉన్నట్టు. బెల్ట్ పెట్టుకోలేదని చెప్పే లైట్, స్పీకర్లు పనిచేస్తున్నాయో కూడా ఇప్పుడే చూసుకోండి.

ముప్పావు గంట నడిపి దిగాక శరీరం ఏం చెబుతుందో గమనించండి. తొడల కింద తిమ్మిరి ఎక్కితే ముందు ముక్క మరీ గట్టిది, లేదా మరీ ఎత్తు. తోకఎముక దగ్గర నొప్పి పుడితే ఫోమ్ పూర్తిగా అణిగి మీరు స్ప్రింగుల మీద కూర్చుంటున్నారని అర్థం, వెనక ముక్క ఐఎల్‌డీ పెంచాలి. నడుము ఒకవైపు లాగితే రెండు అంచుల ఎత్తు తేడాగా ఉంది. సమంగా ఉన్న నేల మీద, రెండు అంచులకీ అడ్డంగా ఒక కర్ర పెట్టి నీటిమట్టం ఉంచితే తేడా వెంటనే కనిపిస్తుంది.

రెండు మూడు వారాల తర్వాత మొదట చేసిన కొలతలే మళ్లీ తీసుకోండి. ఫోమ్ కొద్దిగా అణగడం సహజం. అణిగాక ప్యాసింజర్ సీటు అంకెలకి దగ్గరగా వస్తే పని సరిగ్గా జరిగినట్టే. అర అంగుళానికి మించి కిందికి దిగితే ఫోమ్ డెన్సిటీ చెప్పినంత లేదు, లేదా స్ప్రింగ్ దగ్గర ఏదో వదులైంది. ముందు బోర్లా తిప్పి స్ప్రింగులు చూడండి, ఫోమ్ సంగతి తర్వాత.

కొన్ని చిన్న ఇబ్బందులు

కవర్ మూలల్లో ముడతలు పడితే వేడి చేసి అరచేత్తో బయటికి తోయండి, అప్పటికీ పోకపోతే ఆ మూలలో కవర్ లోపల గుప్పెడు దూది నింపండి. గుడ్డ కవర్ అయితే ఇస్త్రీ ఆవిరి పనిచేస్తుంది. లెదర్‌కి ఆవిరి వద్దు, కుంచించుకుపోతుంది.

మలుపుల్లో కిర్రుమని శబ్దం వస్తే దాదాపు ఎప్పుడూ అది ఫోమ్ నుంచి కాదు. స్ప్రింగ్ కొక్కెం ఫ్రేముకి రాసుకోవడమో, ఒక రింగు తీగ మీద కదలడమో అయి ఉంటుంది. ఆ చోట గుడ్డ టేపు చుడితే ఆగుతుంది. గమ్ వాసన రెండు మూడు రోజులు ఉంటుంది. ఎండలో టాప్ తీసి ఉంచండి, పిల్లల్ని అప్పటిదాకా ఆ సీట్లో కూర్చోబెట్టకండి.

కవర్ చిరిగి ఉంటే ఈ పని మొదలుపెట్టక ముందే కుట్టించాలి, తొడిగాక కాదు. కారు సీట్లు కుట్టేవాళ్ల దగ్గరికి కవర్ ఒక్కటే విప్పి తీసుకెళ్తే సీటు మొత్తం ఇచ్చిన దానికంటే చాలా తక్కువలో అవుతుంది. చినిగిన ముక్క మాత్రమే మార్చి, పాత కుట్టు రంధ్రాల్లోంచే కుట్టమని చెప్పండి. కొత్త రంధ్రాలు పడితే లెదర్ అక్కడే మళ్లీ చిరుగుతుంది.